పరిశోధనలో తేలిందంటున్నారు, నమ్మొచ్చా?

పోయిన నెల ఈ శీర్షికలో "పరిశోధనలో తేలింది" అనే మాట చూడగానే హడలిపోవద్దని ఒక్క వాక్యం రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని కాగితం మీద, ఎక్కువ భాగం వాట్సాప్‌లో. మన ప్రకాశం, నెల్లూరు వైపు వాళ్ళవే ఆరు తీసుకున్నాను. ముందు ఉత్తరం, దాని కింద నా జవాబు.

మాది పొదిలి పక్కన పల్లెటూరు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. ముందు పళ్ళ మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు, రెండు పళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఫ్లోరైడ్ అన్నారు పళ్ళ డాక్టరు గారు. అదట్లా ఉంచితే మా ఆడపడుచు ఒక వార్త పంపింది, ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన పిల్లలకి తెలివి తగ్గుతుందని పరిశోధనలో తేలిందట. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. వాడు లెక్కల్లో వెనకబడింది కూడా అందుకేనేమో?

అమ్మా, ముందు మీ ఊరి సంగతి చెప్తా. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళూ ఎముకలూ పాడయ్యే జబ్బు) గురించి డాక్టర్లు తొలిసారి పత్రం రాసింది మీ ప్రాంతాన్ని చూసే. 1937లో షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ కలిసి రాశారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు (1970లో కదా ఏర్పడింది), మీ తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. డాక్టర్లకంటే ముందు గమనించింది రైతులని చెబుతారు, ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి కాడి లాగలేకపోతుంటే. అంటే ఎనభై ఎనిమిదేళ్ళ పైగా తెలిసిన జబ్బిది, ఇంకా తెల్లారి లేస్తే అవే బోర్లు.

ఇక మీ ఆడపడుచు పంపిన వార్త. అది గాలివార్త కాదు. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వానికి చెందిన నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ వాళ్ళు అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ ముందేసుకుని ఒక నివేదిక ఇచ్చారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉన్నచోట పిల్లల ఐక్యూ తక్కువగా కనిపిస్తోందని, ఆ మాట ఓ మోస్తరు నమ్మకంతో చెప్పగలమని అందులో ఉంది. "ఓ మోస్తరు నమ్మకం" అన్నది వాళ్ళే పెట్టుకున్న మాట, వార్త రాసినాయన దాన్ని మింగేశాడు. ఇంకో సంగతి, అది వందల మంది పిల్లల సగటు. రెండు ఊళ్ళ సగటుల మధ్య కొద్ది పాయింట్ల తేడా ఉంటే, మీ వాడికి ఎక్కాలు రాకపోవడానికి కారణం అదేనని ఆ లెక్కలోంచి ఎవరూ తీయలేరు. పైగా ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊరు చాలాసార్లు పేద ఊరు కూడా అయివుంటుంది, తిండి తక్కువ, బడి దూరం. వీటిని విడదీసి చూడటమే ఆ పరిశోధకులకి పెద్ద తలనొప్పి. నన్నడిగితే ముందు వాడికి కళ్ళు పరీక్ష చేయించండి. బోర్డు కనపడక లెక్కల్లో వెనకబడ్డ పిల్లల్ని నా సర్వీసులో చాలామందిని చూశాను.

పళ్ళ మచ్చలు మాత్రం నిజం, కానీ అవి పాత కథ. పాల పళ్ళ తర్వాత వచ్చే పళ్ళు చిగురు లోపల తయారయ్యేటప్పుడు, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపు, తాగిన నీటి గుర్తులవి. ఇకమీదట చూసుకోవాల్సింది ఎముకల సంగతి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళ సంగతి. నీళ్ళు కాచి తాగితే పోతుందనుకోకండి, కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరుకీ పోదు, క్లోరిన్‌కీ పోదు. ఆర్వో తీస్తుంది. ఆర్వో నీళ్ళు తాగడానికి పెట్టుకుని అన్నానికీ పప్పుకీ బోరు నీళ్ళే పోసే ఇళ్ళున్నాయి, బియ్యం ఆ నీళ్ళన్నీ పీల్చుకుంటాయి గదా, మరి ఆర్వో పెట్టి ఏం లాభం.

అన్నిటికంటే ముందు మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. మన ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో చేస్తారు. శాంపిల్ ప్లాస్టిక్ బాటిల్లో తీసుకెళ్ళండి, గాజు సీసా వద్దు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, చదువుకునే రోజుల్లో నేను కనిగిరి వైపు తిరిగి ఇరవై మూడు శాంపిళ్ళు గాజు సీసాల్లో పట్టుకొచ్చాను. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. మా సారు సీసాల వంక చూసి ఒక్క మాట కూడా అనకుండా సింకు చూపించారు. మళ్ళీ బస్సెక్కాను. ల్యాబులో ఆ పరీక్ష చూడటానికి భలే ఉంటుంది, ఎర్రటి రంగు నీళ్ళలో మీ శాంపిల్ పోస్తారు, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత వెలిసిపోతుంది. మా కనిగిరి శాంపిళ్ళలో ఒకదానికి ఎరుపు దాదాపు మొత్తం పోయింది.

సార్, చీమకుర్తి దగ్గర ఇల్లు కడుతున్నాం. మా బావమరిది బీటెక్ సివిల్. వాళ్ళ ప్రాజెక్టులో ఇసుక బదులు గ్రానైట్ పౌడర్ కలిపితే కాంక్రీట్ బలం పెరిగిందట. ఇసుక రేటు చూస్తే ప్రాణం పోతోంది, పౌడర్ ఫ్రీగా ఎత్తుకుపొమ్మంటున్నారు. శ్లాబుకి వాడొచ్చా?

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు. గెలాక్సీ గ్రానైట్ కోసినప్పుడు, పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురద రోడ్ల పక్కన గుట్టలు పడి, ఎండాక లేచి జనం ఊపిరితిత్తుల్లోకి పోతోంది, దాన్ని ఎక్కడో ఓ చోట వాడాలని సివిల్ పిల్లలు తాపత్రయపడటం మంచి పనే. ప్రపంచమంతా చేస్తున్నారు. కొద్ది శాతం దాకా కలిపితే బలం పెరగడం, ఆ శాతం దాటితే పడిపోవడం, చాలా ప్రాజెక్టుల్లో ఇదే గ్రాఫు.

కానీ వాళ్ళ ల్యాబులో ఏం జరిగిందో ఒకసారి ఊహించుకోండి. 150 మిల్లీమీటర్ల ఇనుప అచ్చులో ఘనం పోస్తారు. మర్నాడు అచ్చు విప్పి నీళ్ళ తొట్టిలో 28వ రోజు దాకా నానబెడతారు, సుమారు 27 డిగ్రీల నీళ్ళు. తర్వాత మిషన్లో పెట్టి నొక్కుతారు. ఎం25 అనే రకం కాంక్రీట్ అయితే ఆ చిన్న ముక్క 57 టన్నుల దాకా మోసి అప్పుడు పగలాలి, పగిలేది కూడా చూడముచ్చటగా డమరుకం ఆకారంలో పగులుతుంది. ఆ డమరుకం చూసి పిల్లలు ఫోటోలు దిగుతారు. సరే. ఇప్పుడు మీ సైటు. తొట్టి లేదు, ఎండ 42, మేస్త్రి చేతిలో నీళ్ళ పైపు. ఈ పౌడర్ మైదాపిండి కంటే మెత్తన, మెత్తటిదేదైనా నీళ్ళు ఎక్కువ తాగుతుంది, మాలు గట్టిగా వస్తోందని మేస్త్రి ఇంకో బకెట్ పోస్తాడు. నీళ్ళు పెరిగితే బలం పోయినట్టే. ల్యాబులో పిల్లలు నీళ్ళు మిల్లీలీటర్లలో కొలిచి, మాలు జారేందుకు ప్లాస్టిసైజర్ కలిపి ఉంటారు. మీ మేస్త్రిని ఆ పేరు అడిగి చూడండి.

మన ప్రమాణం కూడా ఒకటుంది, 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ దాటిపోయే మెత్తటి పొడి ఏటి ఇసుకలో 3 శాతం, క్రషర్ ఇసుకలో 15 శాతం మించకూడదు. మీరు ఎత్తుకొచ్చే పౌడర్లో చాలా భాగం ఆ జల్లెడ దాటేదే.

ఇంకోటి, ఆ ప్రాజెక్టు 28 రోజులది. మీ శ్లాబు యాభై ఏళ్ళుండాలి. లోపల కమ్మీ తుప్పు పట్టడం 28 రోజుల్లో తెలియదు, అది చూడాలంటే ఏళ్ళు పడుతుంది, బీటెక్ అంతకాలం ఉండదు. మావైపు కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఇంకో ప్రమాదం ఉప్పు బోరు నీళ్ళు, కమ్మీ ఉన్న కాంక్రీట్ కలిపే నీళ్ళలో క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని మన కాంక్రీట్ ప్రమాణంలో స్పష్టంగా ఉంది, సముద్రపు నీళ్ళతో క్యూరింగ్ కూడా వద్దంటుంది.

కాబట్టి శ్లాబుకీ పిల్లర్లకీ దూలాలకీ వద్దు. మిక్స్ డిజైన్ చేసి, మీ పౌడర్‌తోనే ఘనాలు పోసి పరీక్షించి, సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజినీరు దొరికితే అది వేరే మాట. 1967 మార్చిలో ఒంగోలు కదిలింది, 5.4 తీవ్రత, మా నాన్న ఆ రోజు సంగతి పోయేదాకా చెప్పేవాడు. 2016 ప్రమాణంలోని భూకంప పటం ప్రకారం మనం మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్నచోట ఉన్నాం. పౌడర్ మీద అంత మోజుంటే వరండా కింద బెడ్డులోనో కాంపౌండ్ బయట టైల్స్ కిందో కలుపుకోండి. బావమరిదికి మాత్రం చెప్పండి, మిగిలిన ఘనాలు ఉంటే ఏడాదికోసారి ఒకటి పగలగొట్టి చూడమని. ఆ లెక్క దొరికితే నాకూ కావాలి.

నెల్లూరులో పీహెచ్‌డీ చేస్తున్నాను. "మూడు రోజుల్లో ప్రచురణ, 1,800 రూపాయలు మాత్రమే, అంతర్జాతీయ జర్నల్" అని మెయిల్ వచ్చింది. అందరూ వేస్తున్నారు. వెయ్యనా?

వద్దు నాయనా. మూడు రోజుల్లో మీ పేపర్‌ని ఇద్దరు నిపుణులు చదివి తప్పులు పట్టి, మీరు దిద్ది, మళ్ళీ వాళ్ళు చూడటం అయ్యే పని కాదు. మా ఇంట్లో పెళ్ళి కార్డు ప్రూఫుకే వారం పట్టింది. ఆ జర్నల్ పేరు చూడండి, ఇంజినీరింగ్, వైద్యం, యోగా, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే సంచికలో ఉంటాయి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లని మిగతావాళ్ళు సగటున ఎన్నిసార్లు పేర్కొన్నారో చెప్పే లెక్క) అని ఏదో అంకె ఉంటుంది, అది ఎవరిచ్చారో అడగండి. డీఓఐ అని పేపర్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు చూపించి నమ్మిస్తారు, అది ఇంటి నంబరు లాంటిది, ఇంటికి నంబరుందంటే ఇల్లు గట్టిదని కాదు.

"అందరూ" వేయడానికి కారణమైన నిబంధన కూడా పోయింది. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరి అన్నది 2022 యూజీసీ నిబంధనల్లో తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుందేమో ఆఫీసులో అడగండి, గైడ్ గారి మాట మీద వదిలేయకండి. కేర్ లిస్టు అంటూ నమ్మదగ్గ జర్నళ్ళతో యూజీసీ ఇచ్చిన జాబితా ఒకటి 2019 నుంచి ఉండేది, దాన్నీ 2025లో ఆపేశారు, కాబట్టి "కేర్ లిస్టెడ్" అని ఇప్పుడు ప్రకటన ఇచ్చేవాడి దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. పాత థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి, మీ అంశం మీద మంచివి నాలుగు చదివి, వాటిలో ఎక్కువసార్లు పేర్కొన్న జర్నళ్ళు ఏవో రాసుకోండి. మీ జాబితా మీకే తయారవుతుంది. ఆ పద్దెనిమిది వందలతో ఊరికి పోయి ఇంకో పదిమందిని కలిసి రండి, డేటా అన్నా పెరుగుతుంది.

మా అమ్మకి అరవై నాలుగు, షుగర్. కావలి నుంచి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్తే కొత్త మందు ట్రయల్లో చేరమన్నారు. మందులు, టెస్టులు ఫ్రీ అట. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టమని తొందర చేశారు. ఎలుకల మీద చేసినట్టు చేస్తారా మేడమ్?

మేడమ్ కాదమ్మా, సార్‌నే, ఫరవాలేదు. ఎలుకల మీద చేయడం అప్పటికే అయిపోయి ఉంటుంది, మనుషుల దాకా వచ్చిందంటే కొన్ని మెట్లు దాటిందని. ఈరోజు మీ అమ్మగారు వేసుకునే షుగర్ మాత్ర కూడా ఎవరో ఒకప్పుడు ఇట్లా చేరితేనే వచ్చింది. కాబట్టి ట్రయల్ అంటేనే మోసం అనుకోవద్దు.

కానీ తొందర చేశారన్నారే, అక్కడ నాకు నచ్చలేదు. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టకండి, తెలుగు కాగితం అడగండి, అమ్మగారికి అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ళ బాధ్యత. ఇంటికి తీసుకెళ్ళి చదువుకుని రెండు రోజుల తర్వాత వస్తామనండి. ఆ కాగితంలో సీటీఆర్ఐ నంబరుంటుంది, అంటే మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ. 2007లో మొదలైంది, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి చేశారు. ఫోన్లో ఆ నంబరు కొడితే ఏ మందు, ఎవరు డబ్బు పెడుతున్నారు, ఎంతమందిని చేర్చుకుంటున్నారు అన్నీ కనిపిస్తాయి. నంబరు లేదంటే లేచి వచ్చేయండి.

డాక్టరు గారిని ఇవి అడగండి. అమ్మ ఇప్పుడు వాడే మాత్రలు ఆపేస్తారా? ఆమెకి కొత్త మందే వస్తుందా, లేక లాటరీ తీసినట్టు సగంమందికి కొత్తది, సగంమందికి పాతదో ఉత్త మాత్రో ఇస్తారా? (ఇది చాలామంది చెప్పరు, డాక్టరుకి కూడా ఎవరికి ఏది వెళ్ళిందో తెలియకుండా చేసే పద్ధతుంటుంది, అట్లా చేస్తేనే ఫలితం నమ్మొచ్చు.) ట్రయల్ వల్ల ఏమన్నా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు? 2019 నిబంధనల ప్రకారం వైద్యం చేయించాలి, ట్రయల్ వల్లే హాని జరిగిందని తేలితే పరిహారం ఇవ్వాలి. మధ్యలో మానేయొచ్చా? మానేయొచ్చు, ఎప్పుడైనా, కారణం చెప్పక్కర్లేదు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. కాగితం చివర ఎథిక్స్ కమిటీ (ట్రయల్లో చేరినవాళ్ళ క్షేమం, హక్కులు చూసే కమిటీ) ఫోన్ నంబరుంటుంది. ఒకసారి ఆ నంబరుకి చేసి చూడండి, ఎత్తితే మంచి లక్షణం.

ఒంగోలులో ఎంఎడ్ చేస్తున్నా. వంద మంది టీచర్లకి ప్రశ్నావళి పంచి, శాతాలు కట్టి ఇచ్చేయమంటున్నారు. అందరూ "పూర్తిగా ఏకీభవిస్తాను" దగ్గరే టిక్కు పెట్టారు. ఇదీ పరిశోధనేనా సార్?

తమ్ముడూ, ప్రశ్నావళి మీద హెచ్‌ఎం గారి ఎదురుగా టిక్కు పెట్టించి ఉంటారు, కాదనగలవా? పేరు రాయించుకున్నావేమో కూడా. "పిల్లలకు ఆటపాటలతో బోధించడం మంచిది" అని అడిగితే కాదనే టీచరు రాష్ట్రంలో దొరకడు. నువ్వు కొలిచింది టీచర్ల బోధనని కాదు, మర్యాదని.

పల్లెల్లో పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే వాళ్ళ పద్ధతి చూడు. జిల్లాకి 30 ఊళ్ళు, ఊరికి 20 ఇళ్ళు, బడికి కాకుండా ఇంటికెళ్తారు, ఎందుకంటే బడికి రాని పిల్లలు బడిలో ఉండరు గదా. పిల్లాడి చేతిలో రెండో తరగతి స్థాయి చిన్న పేరా పెట్టి చదవమంటారు. చదివితే చదివాడు, లేకపోతే లేదు. నీకు 30 ఊళ్ళు చేతకావు, రెండు బళ్ళు చాలు. ఒక బడిలో నీ పద్ధతి, ఇంకో బడిలో మామూలుగా, ముందొకసారి చదివించు, మూడు నెలల తర్వాత ఇంకోసారి. పిల్లలు చదివేది నీ చెవులతో విను.

అయితే కొలతకి దొరకనిదీ ఒకటుంటుంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, రాత్రిబళ్ళు. అధికారులు లెక్కపెట్టింది ఎంతమందికి అక్షరాలొచ్చాయని. ఆ బళ్ళలో ఆడవాళ్ళు వాచకంలో సారా మీద ఉన్న పాఠాలు చదివి, మాట్లాడుకుని, దూబగుంటలో సారా దుకాణానికి అడ్డం తిరిగారు, ఆ పోరాటంలో ముందు నిలబడ్డ రోశమ్మ పేరు మీ అమ్మనడిగినా చెబుతుంది. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకం ఫలితాన్ని ఏ ప్రశ్నావళిలో పట్టగలవు చెప్పు? అందుకని నీ రెండు బళ్ళలో పరీక్ష మార్కులతో పాటు ఒక నోటుబుక్కు పెట్టుకో, నువ్వు అనుకోనిది ఏం జరిగినా తేదీ వేసి రాయి. వైవాలో నిన్ను ప్రశ్నలడిగేది దాని గురించే అవుతుంది, చూస్తూండు.

అల్లూరు వైపు సముద్రం దగ్గర ఊరు మాది. రొయ్యల చెరువులొచ్చాక మా బోర్లు ఉప్పయ్యాయి. అధికారులు "ఆధారం ఏదీ" అంటున్నారు. ఎట్లా నిరూపించాలి?

"చెరువులొచ్చాక" అన్నారు, దాని ముందు ఎంత ఉప్పుందో ఎవరన్నా కొలిచారా? పాత బోరు వేసినప్పటి నీటి రిపోర్టు ఏ ఇంట్లోనైనా బీరువాలో ఉంటే అది బంగారం, వెతకండి. లేకపోతే ఈరోజు నుంచి మొదలుపెట్టండి. నీళ్ళలో కరిగిన ఉప్పులెన్నో చూపే టీడీఎస్ మీటరు, చేతిలో పట్టేది, చవకే, ఒకటి కొని, చెరువుల పక్కన నాలుగు బోర్లు, చెరువులకి దూరంగా కానీ సముద్రానికి అంతే దూరంలో నాలుగు బోర్లు ఎంచుకోండి. ఈ రెండో నాలుగూ లేకపోతే "సముద్రం నీరు దానంతటదే లోపలికొచ్చింది" అని ఒక్క మాటతో మిమ్మల్ని పంపించేస్తారు, అది నిజం కూడా అయుండొచ్చు, అందరం బోర్లు తోడేస్తున్నాం. నెలకొకసారి అదే తేదీన, అయిదు నిమిషాలు మోటారు ఆడించాక పట్టిన నీళ్ళు. మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి మే రీడింగూ జనవరి రీడింగూ తప్పనివ్వొద్దు. చెరువుల్లో నీళ్ళు ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు వదిలారు, ఏ కాలువలోకి వదిలారు అన్నది కూడా పక్కన రాయండి. ఒకే పుస్తకం, ఒకే మనిషి చేతిరాత అయితే మేలు. ఇంటర్ చదివే అమ్మాయికి అప్పజెప్పండి, మగపిల్లలు రెండో నెలకే మానేస్తారు.